రెండు అదారు మాసాల మధ్య మార్విన్ గెల్బర్ గారు

శ్రీ మార్విన్ గెల్బర్ గారు రిడ్జ్‌మోర్‌లోని మన బేత్ హదసీమ్ యూదు సమాజ మందిరంలో 1987 అక్టోబరు 19వ తేదీ, సోమవారం ఉదయం ఉద్యోగంలో చేరారు. పర్ణశాలల పండుగ ముగిశాక వచ్చిన మొదటి పనిదినం అది. షేర్ల మార్కెట్ కుప్పకూలిన రోజు కూడా అదే. ఆయనకు బాధ్యతలు అప్పగించవలసిన నాటి అధ్యక్షులు వృత్తిరీత్యా షేర్ల వ్యాపారి కావడం వల్ల, పాలిపోయిన ముఖంతో మందిరం ఆఫీసులో ఫోను చెవికి ఆనించుకొని నిలబడి ఉన్నారు.

"సార్, నా పనేమిటో చెప్తారా?" అని గెల్బర్ గారు అడిగారు.

"అమ్మెయ్! అన్నీ అమ్మెయ్!" అన్నారు అధ్యక్షులు.

ఆ మాట ఫోనుకా తనకా అన్నది గెల్బర్ గారికి తెలియలేదు. హాలులోకి వెళ్లి చుట్టూ చూశారు. అమ్మదగినవి కుర్చీలే కనబడ్డాయి. అమ్మే ముందు వాటిని వరుసగా సర్దితే బాగుంటుందని సర్దడం మొదలుపెట్టారు. సాయంత్రం ప్రార్థనకు వచ్చినవారు సర్దిన కుర్చీలు చూసి, కొత్త మనిషి పనిమంతుడే అనుకున్నారు. ఆయన పనేమిటో ఆ రోజు ఎవరూ చెప్పలేదు. తరువాత కూడా ఎవరూ చెప్పలేదు.

గెల్బర్ గారు పొరుగు ఊరివారు. వారి తండ్రికి లినోలియం దుకాణం ఉండేది. మన హాలు నేలకు లినోలియం పరిచింది ఉద్యోగానికి రాకముందు గెల్బర్ గారే. తూర్పు మూల ఇప్పటికీ పైకి లేస్తోంది. ఆ సంగతి ఆయనకు తెలుసు. తెలిసీ సరిచేయలేదు.

నియామక సంఘం ఆయనను సంరక్షకులు అన్నది. ప్రార్థనా సంఘం సహాయకులు అన్నది. భవన సంఘం పర్యవేక్షకులు అన్నది. మూడు సంఘాలూ మూడు రకాల ఆజ్ఞలు ఇచ్చేవి. చివరగా విన్న ఆజ్ఞను ఆయన పాటించేవారు. ఆయన కాలంలో ఐదుగురు రబ్బీ గురువులు వచ్చారు. వచ్చిన ప్రతివారూ సాయంత్రం ప్రార్థన వేళ మార్చారు. ఎవరైనా ఫోను చేసి వేళ అడిగితే, "ముందు రండి, వచ్చాక తెలుస్తుంది" అనేవారు. అబద్ధం మాత్రం చెప్పలేదు.

చలికాలపు దీపాల పండుగకు వంటింట్లో బంగాళదుంప అట్లు వేస్తుంటే పొగకు గంట మోగి అగ్నిమాపక వాహనం రావడం ఆయన హయాంలోనే మొదలైంది. మాన్పించడానికి ఎంత ప్రయత్నించినా మానలేదు. చివరికి ఆ సిబ్బంది కోసం ఒక పళ్లెం విడిగా తీసి ఉంచడం అలవాటు చేశారు. పూరీము వేషాల రోజున ఎస్తేరు రాణి వేషంలో ఉన్న పాపను మరో ఎస్తేరు తల్లికి అప్పగించి పంపించారు. పాప తిరిగి చేరింది. ఆ కుటుంబం మాత్రం వేరే మందిరానికి మారింది. వారిని తప్పుపట్టలేం.

2009లో పక్క ఊరి చిన్న సమాజం, మనుషులు తగ్గి, భవనం అమ్ముకొని మనతో కలిసింది. వారి పూర్వీకులు రోడ్స్ ద్వీపంవారు. వారి రాగాలు వేరు, ఉచ్చారణ వేరు. పస్కా పండుగ వారంలో వారు అన్నం తింటారు, మిగిలినవారు ముట్టరు. వంటింటి అల్మరాలకు గెల్బర్ గారు రంగు పట్టీలు అంటించారు. ఏ రంగు ఎవరిదో తరువాత ఆయనకే గుర్తులేదు. ఎవరి ఆచారం వారు పాటించుకోవచ్చునని కమిటీ తీర్మానించింది. తీర్మానం మంచిదే. కాని భవనంలో ఒక్కటే ఉన్న వస్తువుల సంగతి కమిటీ ఆలోచించలేదు.

అటువంటి వస్తువు స్మారక ఫలకం. చనిపోయినవారి పేర్లు దాని మీద ఉంటాయి. ప్రతి పేరు పక్కన చిన్న బల్బు. ఎవరి తిథి వస్తే వారి దీపం ఆ వారం వెలగాలి. సాయంత్రం ప్రార్థనలో వారివారు నిలబడి, పోయినవారి కోసం చేసే కద్దీష్ ప్రార్థన చెప్పాలి. కద్దీష్ చెప్పాలంటే పది మంది యూదులు ఉండాలి. దీపం వెలిగించడం, పది మందిని చూడడం గెల్బర్ గారి బాధ్యత. ఈ సంవత్సరం ఆ బాధ్యత ఆయనను ఎంత అయోమయంలో పడేసిందో రాయకుండా ఈ అభినందన పూర్తి కాదు.

రెజీనా ప్లాట్నిక్ గారు పోయిన సంవత్సరం, మన యూదు పంచాంగం ప్రకారం అదారు మాసంలో, చనిపోయారు. రోడ్స్ వారి ఆడపడుచు. లెస్టర్ ప్లాట్నిక్ గారి భార్య. లెస్టర్ మొదటి నుంచీ మనవారు. వారికి సంతానం లేదు. అందువల్ల ఆచారం ప్రకారం పదకొండు నెలల పాటు రోజూ భర్త లెస్టర్, తమ్ముడు నిస్సిం నోత్రికా పక్కపక్కన నిలబడి కద్దీష్ చెప్పారు. రాగాలు కలవలేదు. ఒకరు ముగించాక మరొకరు ముగించేవారు. అయినా ఒక్క రోజు మానలేదు.

తొలి తిథి ఈ సంవత్సరం రావాలి. ఈ సంవత్సరం అధికమాసం పడింది. అదారు రెండుసార్లు వచ్చింది.

ఫిబ్రవరిలో ఒక ఉదయం లెస్టర్ ఆఫీసుకు వచ్చారు. నిస్సిం అప్పటికే అక్కడ కూర్చొని కాఫీ తాగుతున్నారు.

"మార్విన్, మంగళవారం సాయంత్రం రెజీనా తిథి. దీపం వెలిగించు. పది మందిని చూడు" అన్నారు లెస్టర్.

"మంగళవారమేంటి బావా? వచ్చే నెల కదా" అన్నారు నిస్సిం.

"అదారు వచ్చింది. అదారులోనే పోయింది."

"ఇది అధికమాసం. లెక్కలోకి రాదు. పూరీము ఎప్పుడు చేస్తాం? రెండో దాంట్లో. అసలు అదారు అదే. మా నాన్నకీ అలాగే చేశాం, తాతకీ అలాగే చేశాం."

"మీ తాత సంగతి నాకెందుకయ్యా? ఏడాది నిండింది. పోయిన మనిషిని ఇంకో నెల గుమ్మంలో నిలబెడతామా? నా భార్య అది."

"నీ భార్య కాకముందు నా అక్క."

గెల్బర్ గారు ఇద్దరి ముఖాలూ చూశారు. "ఒక్క నిమిషం. ఆవిడ ఒక్కసారే కదా పోయింది?" అన్నారు.

"నువ్వు ఊరుకో!" అన్నారు ఇద్దరూ.

గెల్బర్ గారు రబ్బీ లోటన్ గారి దగ్గరకు వెళ్లారు. రబ్బీ గారు వయసులో చిన్నవారు, మర్యాదస్థులు. రెండు ఆచారాలకూ ప్రమాణం ఉన్నదనీ, ఎవరి తిథి వారు పెట్టుకోవచ్చుననీ సెలవిచ్చారు.

"మరి దీపం?"

"దీపం సంగతి ఏ గ్రంథంలోనూ లేదు మార్విన్. అది కరెంటు బల్బు."

గెల్బర్ గారు శుక్రవారం దీపం వెలిగించారు. ఆదివారం ఉదయం వచ్చి చూస్తే ఆరిపోయి ఉంది. బల్బు మార్చారు. సోమవారం మళ్లీ ఆరింది. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించారు.

"బల్బు బాగానే ఉందండీ. ఎవరో వదులు చేశారు" అన్నాడతను.

"వాటంతట అవే వదులవుతాయా?"

"కావు."

"పోనీ, చలికి?"

"కావండీ."

అంతకుమించి అడగడం గెల్బర్ గారికి ఇష్టం లేకపోయింది. బల్బు బిగించి, పక్కనే ఒక కుర్చీ వేసుకొని కూర్చున్నారు.

అసలు చిక్కు దీపంతో కాదు, పదితో వచ్చింది. మన సాయంత్రం ప్రార్థనకు పది మంది కుదరడమే గగనమైపోయింది. ఆ పదిలో లెస్టర్ ఒకరు, నిస్సిం ఒకరు. నిస్సిం కచ్చితంగా చెప్పేశారు.

"ఆ రోజు నేను కద్దీష్‌కి కూర్చుంటే మా అక్క తిథి అదేనని ఒప్పుకున్నట్టే. కూర్చోను."

"వచ్చే నెల నేనూ కూర్చోను. అప్పుడు తెలుస్తుంది" అన్నారు లెస్టర్.

అంటే రెజీనా గారికి రెండు తిథులు ఉండి, ఒక్క కద్దీష్ కూడా లేకుండా పోయే పరిస్థితి. పదకొండు నెలలు చెప్పినవారే తొలి తిథినాడు చెప్పలేకపోవడం కంటే సిగ్గుచేటు మరొకటి లేదు. గెల్బర్ గారు మూడు రోజులు ఫోన్లు చేశారు. ఒకరికి జ్వరం, ఒకరు ఫ్లోరిడాలో ఉన్నారు, ఒకరికి మంచులో కారు తీయాలంటే భయం. వస్తామన్నవారిలో సగం మంది రాలేదు. వారి పేర్లు ఇక్కడ అక్కరలేదు. వారికి తెలుసు.

మంగళవారం మధ్యాహ్నపు ప్రార్థనకు నిస్సిం వచ్చారు. అది సూర్యాస్తమయానికి ముందు చేసేది.

"నేను వచ్చింది ఇవాళ్టి ప్రార్థనకి. చీకటి పడితే రేపటి రోజు మొదలవుతుంది. ఆ రేపటితో నాకు పని లేదు. వెళ్తాను" అని ముందే చెప్పారు.

ఆయనతో కలిపి సరిగ్గా పది. ఆయన వెళ్తే తొమ్మిది. గెల్బర్ గారి భార్య రోషెల్ గారు కూడా హాలులోనే కూర్చొని ఉన్నారు. ఆమెను కలిపితే పది. కాని స్త్రీలను పదిలో కలపాలా వద్దా అనే విషయం ఎన్నో ఏళ్లుగా కమిటీ పరిశీలనలో ఉంది. ఇంకా ఉంది. కమిటీవారు తేల్చి ఉంటే ఆ సాయంత్రం ఎవరూ ఎవరినీ బతిమాలవలసిన అవసరం ఉండేది కాదు.

మధ్యాహ్నపు ప్రార్థన ముగియగానే గెల్బర్ గారు పదో మనిషి కోసం వీధి మలుపుకు పరుగెత్తారు. మంచు పడుతోంది. కుక్కను నడిపిస్తున్న పెద్దమనిషి ఒకరు ఎదురయ్యారు.

"ఏమండీ, మీరు యూదులా?"

"కాదండీ, మెథడిస్టు క్రైస్తవుణ్ణి. ఏం, ఏమైనా ఇబ్బందా?"

"మాకు ఒక మనిషి తక్కువ."

"పోలీసుల్ని పిలవమంటారా?"

గెల్బర్ గారు దండం పెట్టి వెనక్కు వచ్చారు. వచ్చేసరికి వరండాలో నిస్సిం కేకలు వేస్తున్నారు.

"మార్విన్! నా కోటు ఏదయ్యా?"

కోట్లు తగిలించే గదిలో పైపు కారుతోందని ఆ ఉదయమే గెల్బర్ గారు కోట్ల కొయ్యలను పిల్లల తరగతి గదిలోకి మార్చారు. అందరి కోట్లూ అక్కడ ఉన్నాయి. నిస్సిం కోటు లేదు. ఆ చలిలో కోటు లేకుండా బయట అడుగు పెట్టలేరు.

"ఉండండి, చూస్తా" అని గెల్బర్ గారు వెతకడం మొదలుపెట్టారు. వంటిల్లు చూశారు. గ్రంథాలయం చూశారు. పర్ణశాల వెదుళ్లు దాచే కొట్టు కూడా చూశారు. కోటు అక్కడికి ఎందుకు వెళ్తుందో ఆయనకూ తెలియదు.

ఈలోగా చీకటి పడింది. లోపల ఎనిమిది మంది సాయంత్రపు ప్రార్థన ఎవరికి వారు చెప్పుకున్నారు. వెతకడం ఆపి గెల్బర్ గారు కూడా తొమ్మిదో మనిషిగా ఫలకం పక్కన నిలబడి చెప్పుకున్నారు. కద్దీష్ మిగిలింది. లెస్టర్ లేచి నిలబడ్డారు. రబ్బీ గారు తల ఎత్తలేదు. లెస్టర్ కూర్చోలేదు, మొదలుపెట్టలేదు.

"మనిషి చలికి చస్తుంటే ఇక్కడ ఒక్కరికీ పట్టదా..." అంటూ నిస్సిం హాలు గుమ్మం దగ్గరకు వచ్చారు. నిలబడి ఉన్న బావను చూశారు. లోపలికి రాలేదు. వెనక్కీ వెళ్లలేదు.

లెస్టర్ తల తిప్పలేదు. కద్దీష్ మొదలుపెట్టారు. ఎవరూ ఆపలేదు. చివరి వరకూ చెప్పారు.

అంతా అయ్యాక గెల్బర్ గారు ముక్కు తుడుచుకోవడానికి రుమాలు కోసం జేబులో చెయ్యి పెట్టారు. చేతికి వేయించిన గుమ్మడి గింజలు తగిలాయి. గుమ్మడి గింజలు ఆయన తినరు.

"ఇవెవరివి?" అన్నారు.

"నీ ఒంటి మీద ఆ కోటు ఎవరిదయ్యా?" అన్నారు నిస్సిం.

వీధిలోకి పరుగెత్తే కంగారులో చేతికి అందిన కోటు తొడుక్కొని వెళ్లారు గెల్బర్ గారు. దానితోనే తిరిగివచ్చి, దానితోనే భవనమంతా దాని కోసం వెతికారు. కావాలని చేశారా అని చాలామంది అడిగారు. ఆయన జవాబు ఒక్కటే: "నిజంగా తెలీదండీ. రోషెల్‌ని అడగండి, ఇంట్లోనూ నేనింతే." రోషెల్ గారిని అడిగితే, ఇంట్లో ఇంతకంటే ఎక్కువే అన్నారు.

మరుసటి వారం మరో వివాదం లేచింది. గుమ్మంలో నిలబడినవాడు లోపలివాడా, బయటివాడా? నిస్సిం తాను బయటే ఉన్నానన్నారు. లెస్టర్ లోపలే ఉన్నావన్నారు. తలుపు మూసినప్పుడు లోపలి వైపు పడే స్థలం లోపలిదేనని రబ్బీ గారు గ్రంథం చూసి చెప్పారు. గెల్బర్ గారు తలుపు మూసి, తెరిచి, మళ్లీ మూసి చూపించారు. నిస్సిం పాదాలు ఆ రోజు ఎక్కడున్నాయో మాత్రం ఎవరికీ గుర్తులేదు. ఆ కద్దీష్ చెల్లిందా లేదా అన్నది ఈ సంచిక అచ్చుకు వెళ్లేనాటికి కూడా తేలలేదు.

రెండవ అదారు వచ్చింది. అక్క తిథి అని నిస్సిం చెప్పిన సాయంత్రం మళ్లీ లెక్క తొమ్మిది దగ్గర ఆగింది. చీకటి పడ్డాక లెస్టర్ కారు వచ్చింది. కోటు విప్పలేదు, టోపీ తీయలేదు. గుమ్మం దాకా వచ్చి ఆగారు.

"లోపలికి రండి, కుర్చీ వేస్తాను" అన్నారు గెల్బర్ గారు.

"నేను రాలేదు" అన్నారు లెస్టర్.

"మరి ఇక్కడ ఉన్నారు కదా?"

"రాలేదని చెప్తున్నానా?"

గెల్బర్ గారు ఇంకేమీ అడగక ఆయన పక్కనే గోడకు ఆనుకొని నిలబడ్డారు. లోపల నిస్సిం కద్దీష్ చెప్పారు. లెస్టర్ ఆమెన్ అన్నారని గెల్బర్ గారు అంటారు. అనలేదని లెస్టర్ అంటారు. బావా బావమరుదులు ఆ తరువాత మాట్లాడుకోలేదు. దీపం ఆర్పమని ఎవరూ చెప్పకపోవడంతో గెల్బర్ గారు పస్కా వరకూ దానిని ఆర్పలేదు. బల్బు మళ్లీ ఎవరూ వదులు చేయలేదు.

ఈ జూన్ 30వ తేదీతో శ్రీ గెల్బర్ గారు పదవీ విరమణ చేస్తున్నారు. ఆ సంగతి తెలియజేసినప్పుడు ఆయన కమిటీని ఒక ప్రశ్న అడిగారు.

"జులై ఒకటో తారీకు సాయంత్రం నేను ప్రార్థనకి రావచ్చా?"

"ఎందుకు రాకూడదు?" అన్నారు అధ్యక్షులు.

"వస్తే ఎక్కడ కూర్చోవాలి?"

మన హాలులో ప్రతి కుటుంబానికీ దాని కుర్చీలు ఉన్నాయి. అన్ని సంవత్సరాలూ గెల్బర్ గారు గోడ పక్కన, తలుపు పక్కన, ఫలకం పక్కన నిలబడ్డారు. దీపానికి కాపలా కాసిన ఆ కొద్ది గంటలు తప్ప, హాలులో ఆయన కూర్చోగా చూసినవారు లేరు. మన కుర్చీలన్నీ సర్దిన మనిషికి ఒక్కటి ఇవ్వాలని ఎవరికీ తోచలేదు. ఇది మన సమాజానికి గర్వకారణం కాదు. కమిటీ ఉపసంఘం వేసింది. ఉపసంఘం సమావేశం వాయిదా వేసింది.

ఆ వారంలోనే లెస్టర్ రబ్బీ గారి గదికి వెళ్లి, మూడవ వరుసలో తన పక్కన ఉన్న రెజీనా కుర్చీ గెల్బర్ గారికి ఇవ్వమన్నారు. ఆ మధ్యాహ్నమే నిస్సిం కూడా వచ్చి, తన పక్కన ఉన్న అక్క కుర్చీ ఆయనకే ఇవ్వమన్నారు. రెండు వైపుల నుంచీ అడిగింది ఒకే కుర్చీ. ఇద్దరూ మాట్లాడుకోకుండా ఒప్పుకున్న విషయం ఈ సంవత్సరంలో ఇదొక్కటే.

గెల్బర్ గారికి చెబితే సంతోషించినట్టు కనబడలేదు. గాభరాపడ్డారు.

"అటు బావ, ఇటు బావమరిది. ఒకరు ముందు ముగిస్తారు, ఒకరు వెనక ముగిస్తారు. మధ్యలో కూర్చుని నేనెవరికి ఆమెన్ అనాలి?" అన్నారు.

ఇన్ని సంవత్సరాల సేవలో ఆయన అడిగిన ప్రశ్నల్లో ఇదే మంచిది. కమిటీ దీనికి కూడా జవాబు చెప్పలేదు.

వచ్చే సంవత్సరం అధికమాసం లేదు. అదారు ఒక్కటే వస్తుంది. రెజీనా గారి తిథి సాయంత్రం ఆ ఇద్దరూ ఒకేసారి లేచి నిలబడక తప్పదు. శ్రీ మార్విన్ గెల్బర్ గారు సంపూర్ణ ఆరోగ్యంతో, రోషెల్ గారి సాహచర్యంలో సుఖశాంతులతో ఉండాలనీ, ఆ సాయంత్రం మూడవ వరుసలో కాళ్లు చాపుకొని కూర్చోవాలనీ, ఎటు తిరగాలో తెలియక అటొకసారి ఇటొకసారి ఆమెన్ అనాలనీ, నూట ఇరవై ఏళ్లు నిండేవరకూ ప్రతి అదారులోనూ అలా అంటూ ఉండాలనీ బేత్ హదసీమ్ సమాజం యావత్తూ మనసారా కోరుకుంటోంది.